మూడో వరుసలో గుసగుస

పెళ్ళయిన ఇరవై ఒక్క ఏళ్ళలో మా ఆయన పక్కన కూర్చుని నేను ఒక్క నాటకమైనా చూడలేదు. నాటకాల హాల్లో పనిచేసే మనిషిని చేసుకున్నావు, నీకేం తక్కువ అంటారు అందరూ. తక్కువేమిటో నాకు తెలుసు. తెర పక్కన చీకట్లో స్టూలు మీద కూర్చుని, నాటకం కాగితాలు చేతపట్టుకుని, నటులు మరిచిపోయిన డైలాగులు గుసగుసగా అందించడం ఆయన పని. ప్రాంప్టరు అంటారు. శని, ఆదివారాలు ఊరు ఊరంతా పెళ్ళాం పిల్లలతో సరదాగా బయటికొస్తే, ఈయన ఊళ్ళోవాళ్ళ సరదా కోసం ఆ స్టూలెక్కేవారు.

హాల్లో అందరూ ఆయన్ని గుసగుసగారనే పిలుస్తారు. ఆ గొంతులో ఓ విచిత్రం ఉంది. గురిచూసి విసిరిన గులకరాయిలా అది సూటిగా నటుడి చెవిలోనే పడుతుంది. చుట్టుపక్కల వాళ్ళకి ఫ్యాను తిరుగుతున్న చప్పుడే. అది చెవిన పడగానే నటులు ఆలోచించరు, అనేస్తారు. అందరికంటే ముందు అనేసేది మా తమ్ముడు. వాడు తొమ్మిదేళ్ళుగా అదే హాల్లో బల్లెం పట్టుకుని నిలబడే భటుడు. నాటకానికి ఒక్క ముక్క, 'చిత్తం ప్రభూ' అని. అదీ బావ అందిస్తేనే. వాడి చెవికీ నోటికీ మధ్య బుర్ర అడ్డురాదు.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరు దిగాడు. నటుడన్నవాడికి డైలాగు కంఠతా రావాలి, అందించేవాడెందుకు అని మా ఆయన్ని టికెట్ల కిటికీ దగ్గరికి మార్చేశాడు. కంఠతా అనేసరికి హీరో అలిగి వెళ్ళిపోయాడు. ఆ వేషం వచ్చి మా తమ్ముడి నెత్తిన పడింది.

"ఈ ఒక్క ఆదివారం చూస్తాను. బాగా చేశావా, హీరో వేషం నీదే. తేడా వచ్చిందా, మళ్ళీ బల్లెమే" అన్నాడట డైరెక్టరు.

నెల్లాళ్ళు మా వంటింటి గుమ్మంలో నిలబడి వాడు డైలాగులు వల్లించాడు. తప్పు చెబితే నేను గరిటె చూపించేదాన్ని. వాడికి సగం వచ్చేసరికి నాకు మొత్తం వచ్చేసింది. మా ఆయన మాత్రం, నన్నొద్దన్న నాటకం నాకూ వద్దు అని గదిలోకెళ్ళి తలుపేసుకునేవారు. తమ్ముడిది ఓడ కెప్టెన్ వేషం. ఆఖర్లో పెళ్ళాన్ని రేవులో ఏడుస్తూ వదిలేసి, సముద్రం పిలుస్తోంది అంటూ రెండు పేజీల ఉపన్యాసం ఇచ్చి వెళ్ళిపోతాడు. ఆ ఉపన్యాసం మొదలవగానే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాం ఏడుస్తుంటే వినపడదు గానీ సముద్రం పిలిస్తే వినపడుతుందా వెధవకి? నేను మిక్సీ వేసేసేదాన్ని.

ఆదివారం మాట్నీకి ఆయన టికెట్ల కిటికీ మూసేసి వచ్చాక, ఇద్దరం మూడో వరుసలో కూర్చున్నాం. మా ఆయన కొత్త చొక్కా వేసుకున్నారు.

"చూడండి, ఈ రెండు గంటలూ మీరు నోరు తెరవకూడదు. వాడి బతుకు దీనిమీదే ఉంది" అన్నాను.

"నేనెందుకు తెరుస్తానే? నాకీ నాటకం ఒక్క ముక్క తెలిస్తే కదా."

మొదటి అంకం బ్రహ్మాండంగా సాగింది. టోపీ పెట్టుకుని మా తమ్ముడు నడుస్తుంటే, చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగిన వీడేనా అనుకున్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. తర్వాత తుఫాను రంగం. సముద్రపు దొంగలు వస్తున్నారు. కెప్టెన్ దుర్భిణీ ఎత్తి దూరంగా చూస్తున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. మా ఆయన ఇటు వంగి నాతో గుసగుసలాడారు.

"నా కాలు తిమ్మిరెక్కింది."

ఆయనకి వచ్చిన గుసగుస ఒక్కటే. అది ఎటు వెళ్ళాలో అటే వెళ్ళింది.

"నా కాలు తిమ్మిరెక్కింది" అన్నాడు కెప్టెన్, దుర్భిణీ దించకుండా.

నావికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన్ని మోచేత్తో పొడిచాను.

"ఏమయింది?" అన్నారాయన.

"ఏమయింది?" అన్నాడు కెప్టెన్.

"తుఫాను, కెప్టెన్" అన్నాడు ముసలి నావికుడు. పాపం, మంచివాడు.

అప్పుడే గడ్డాల దొంగ కత్తి దూసి ఓడ మీదికి దూకాడు. నేను ఇంకోసారి పొడిచాను, ఈసారి గట్టిగా.

"అబ్బ, పొడవకే" అన్నారు మా ఆయన.

"అబ్బ, పొడవకే" అన్నాడు కెప్టెన్ గడ్డాల దొంగతో.

హాలు గొల్లుమంది. ఆ దొంగ ఏం చెయ్యాలో తోచక కత్తి దించేశాడు. అప్పటికి గాని మా ఆయనకి విషయం బోధపడలేదు. నాలుక కరుచుకుని, రెండు చేతులతో నోరు మూసుకున్నారు. కానీ జరగాల్సింది జరిగిపోయింది. తమ్ముడి బుర్రలోంచి నెల్లాళ్ళ కష్టం ఇంకిపోయింది. గుడ్లప్పగించి మూడో వరుసకేసి చూస్తూ నిలబడ్డాడు. పక్క తెర సందులోంచి డైరెక్టరు మొహం కనబడింది. ఆ చేతిలో బల్లెం ఒక్కటే తక్కువ.

"చెప్పండి వాడికి" అన్నాను.

తెలీదన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపారు. నాకు తెలుసు. కానీ నా గొంతు వాడు పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు, ఒక్కనాడూ మాట వినలేదు. అందుకని మా ఆయన చెవి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను.

"తెరచాప దించండి" అన్నాను చెవిలో.

ఆయన అందించారు. తమ్ముడు గర్జించాడు. తెరచాప దిగింది.

ఇక అక్కణ్ణుంచి నేను ఆయన చెవిలో ఇల్లు కట్టుకున్నాను. నేను అనడం, ఆయన అనడం, వాడు అనడం. ఒకే డైలాగు మూడు నోళ్ళు తిరిగి జనానికి చేరుతోంది. మా వెనకావిడ వాళ్ళాయన్ని గిల్లుతూ, "చూడండి, ఈ వయసులో కూడా ఎంత అన్యోన్యంగా ఉన్నారో. మీరూ ఉన్నారు" అంది. నాకు నవ్వడానికి తీరిక లేదు.

ఆఖరి రంగం వచ్చింది. రేవు. హీరోయిన్ ఏడుస్తోంది. వెనకాల అట్టతో చేసిన ఓడ. కెప్టెన్ సంచి భుజాన వేసుకుని మావైపు చూశాడు. మా ఆయన చెవి నావైపు వంచారు. నేను నోరు తెరిచాను. ఎంత వెతికినా మిక్సీ చప్పుడు తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

తమ్ముడి పెదవి వణుకుతోంది. మరో క్షణం ఆలస్యమైతే ఏడ్చేస్తాడు. నాకు భయం వేసింది, దాని వెనకే కోపం వచ్చింది. నోటికొచ్చింది అనేశాను.

"ఓడని వెళ్ళిపొమ్మను. నేను ఇంటికి పోతున్నా."

"అలా ఉండదేమోనే" అన్నారు మా ఆయన.

"అలా ఉండదేమోనే" అన్నాడు కెప్టెన్.

హీరోయిన్ ఏడుపాపి, "ఎలా?" అంది.

మా ఆయన నావైపు చూశారు. ఇరవై ఒక్క ఏళ్ళలో అంతసేపు చూసింది లేదు. తర్వాత స్టేజీ వైపు తిరిగి, నేనన్నది అన్నట్టే అందించారు.

"ఓడని వెళ్ళిపొమ్మను. నేను ఇంటికి పోతున్నా" అన్నాడు తమ్ముడు. ఎంత బాగా అన్నాడో.

వెళ్ళిపో అన్న మాట కోసమే కాచుకున్న తాళ్ళవాడు తాడు లాగేశాడు. నావికులు చేతులూపుతుండగా ఓడ కెప్టెన్ లేకుండానే వెళ్ళిపోయింది. హీరోయిన్ అతని భుజం మీది సంచి తీసుకుని ఇంటివైపు నడిచింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనకావిడ ఈల వేసింది.

తెర వెనక డైరెక్టరు మా ముగ్గుర్నీ నిలబెట్టాడు.

"ఆ ఆఖరి మాట ఎక్కడిది? స్క్రిప్టులో లేదు."

తమ్ముడు బావని చూపించాడు. బావ నన్ను చూపించారు.

"నాదే" అన్నాను. "పెళ్ళాం ఏడుస్తుంటే ఓడెక్కేవాణ్ణి హీరో అనకూడదు బాబూ. తప్పంతా మా ఇద్దరిదీ. వాడికి బల్లెం ఇవ్వకండి."

డైరెక్టరు జేబులోంచి పెన్ను తీసి స్క్రిప్టులో ఆఖరి పేజీ కొట్టేశాడు.

"ఇవ్వను. వేషం అతనిదే. ముగింపు కూడా ఇదే. ప్రతి ఆదివారం ఆ రెండు సీట్లలో మీరే కూర్చోవాలి."

తమ్ముడు ఏమనాలో తెలీక, అలవాటు కొద్దీ బావ నోటికేసి చూశాడు. మా ఆయన పెదాలు బిగించి అటు తిరిగిపోయారు. వాడు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. డైరెక్టరు ఎదురుచూశాడు.

"అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు ఆఖరికి.

తొమ్మిదేళ్ళలో ఎవరూ రాయకుండా, ఎవరూ అందించకుండా ఆ హాల్లో వాడు సొంతంగా అన్న మొదటి డైలాగు అదే. మా ఆయన చప్పట్లు కొట్టారు.