గని జత

ఇద్రియ అనే ఊళ్ళో మగవాళ్ళు పాదరసం గనిలోకి దిగేముందు ఇంట్లో ఆడవాళ్ళు వాళ్ళ చొక్కా గుండీకి ఒక దారం కొస కడతారు. రెండో కొస లేసు అల్లే దిండు మీద, దారం చుట్టిన ఒక జత కండెలకు ఉంటుంది. మనిషి ఎంత లోతుకు దిగినా దారం చాలకపోవడం, చిక్కుపడటం ఉండవు. అతను నడిచినంతసేపూ కండెలు కదులుతుంటాయి. గని జత అని పిలిచే ఆ రెంటినీ పక్కకు వదిలేసి మిగతా కండెలతో లేసు అల్లుకుంటారు. పొరపాటున దాన్ని అల్లికలో కలిపితే, దారం ఎటు తిరిగితే లోపలి మనిషీ అటే తిరుగుతాడు.

యుస్తీనా దిండు ఆవిడ అమ్మమ్మది. రంపపు పొట్టు కూరిన బరువైన దిండు. కోడలు పావ్లాని దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

“నేను ముట్టుకుంటే అరిగిపోతుందా అత్తయ్యా?”

“అరగదే, అలుగుతుంది. నీ అల్లిక కోళ్ళ గూటికి పనికొస్తుంది.”

అలాగని ఆవిడా అల్లలేదు. వయసులో ఉండగా పాదరసం బట్టీలో పనిచేసి చేతులకు వణుకు తెచ్చుకుంది. దిండు ముందు కాపలా కూర్చోవడమే మిగిలింది.

ఒక ఉదయం గని జత కండెలు ఠక్కున ఆగిపోయాయి. ఆ వెనకే గని గంట మోగింది.

“పెద్ద దారి కూలిందట,” పొరుగావిడ పరిగెత్తుకొచ్చింది. “అందరూ పైకొచ్చారు, మీ లుద్విక్ ఒక్కడే చిక్కుకుపోయాడు. లోపల నీళ్ళు ఎక్కుతున్నాయట.”

యుస్తీనా గబుక్కున గని జత అందుకుని కొడుకును కొండపక్కకు తేలే పాత సొరంగం వైపు తిప్పబోయింది. కండెలు టకటకా కొట్టుకున్నాయి. దారం వంకరపోయింది.

“ఆపండి! ఆయన్ని గోడకేసి కొడుతున్నారు!” పావ్లా అరిచింది.

యుస్తీనా తన చేతులకేసి అసహ్యంగా చూసుకుంది. కుర్చీలోంచి లేచింది.

“కూర్చో.”

“నాకు దారి తెలీదు!”

“నాకు తెలుసు. మీ మామయ్య భోజనం దగ్గర కూడా ఆ సొరంగాల గొడవే. నేను చెప్తా, నువ్వు అల్లు. కుడికి దాటించు. మెలిపెట్టు. గుండుసూది గుచ్చి ఆపు, వాణ్ణి అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోనీ.”

దారం తడిసి పావ్లా వేళ్ళకు చల్లగా తగిలింది.

“అత్తయ్యా, నీళ్ళు!”

“తెలుస్తోంది. తొందరపడకు. ఎడమకి.”

పావ్లా ఏడుస్తూనే అల్లింది. ఒక్క మలుపు తప్పితే మొగుణ్ణి తన చేత్తోనే చంపుకున్నట్టు.

మధ్యాహ్నానికి దారం వదులైంది. కొండపక్క పాత బిలంలోంచి బయటపడ్డ లుద్విక్, ఒళ్ళంతా ఎర్రమట్టితో వచ్చి గడపలో కూలబడ్డాడు. పావ్లా అతని ముఖం తడిమి తడిమి చూసుకుంది.

“దారి బాగుచెయ్యగానే మళ్ళీ దిగాలి,” అన్నాడు, కాస్త తేరుకున్నాక.

పావ్లా కత్తెర తీసింది. దారం కోసేస్తే గని ఇక ఆ మనిషిని లోపలికి రానివ్వదు. ఆ దిండు మీద గని జత దారాన్ని ఇంతవరకూ ఎవరూ కొయ్యలేదు.

“అమ్మా, చెప్పు దానికి! మన ఇంట్లో మగాళ్ళకి ఇంకేం పని వచ్చు?”

యుస్తీనా కోడలి దగ్గరికి వచ్చింది. తడి దారం కత్తెరకు దొరక్కుండా జారిపోతోంది. ఆవిడ దాన్ని రెండు గుప్పిళ్ళతో పట్టుకుని బిగించి లాగింది.

“ఊఁ, కొయ్యి,” అంది.