నలభై నాలుగో స్టేషను

బెంజమిన్ మేష్టారు కరెంటు కారు కొంటానన్నప్పుడు భార్య హన్నా ఒప్పుకున్నది కారు మీద మోజుతో కాదు. అక్క ఊపిరి కోసం.

అక్క మరియమ్మ ముప్పై ఏళ్లు కొబ్బరి పీచు మిల్లులో పనిచేసింది. ఆ దుమ్మంతా ఛాతీలో పేరుకుపోయి, ఇప్పుడు ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కున లేకపోతే గంట గడవదు. మిషనుకేమో కరెంటు కావాలి. కోనసీమలో గాలి కాస్త గట్టిగా వీచిందంటే ఏదో ఒక కొబ్బరి మట్ట తీగల మీద పడనే పడుతుంది. షోరూములో అమ్మాయి చెప్పిన పది ముక్కల్లో హన్నా చెవిని పడింది ఒక్కటే: ఈ కారు నుంచి ఇంట్లోకి వైరు లాక్కోవచ్చు, మిషను రాత్రంతా నడుస్తుంది. "బ్యాటరీ ఇరవై శాతం కంటే తగ్గితే మాత్రం బయటికి ఇవ్వదండి" అని కూడా చెప్పిందా అమ్మాయి. నలభైకి తగ్గనివ్వనని మేష్టారు అప్పుడే మాటిచ్చేరు.

హన్నాకి ఉన్న భయం ఒకటే. తల్లి పోయినప్పుడు ఆవిడ రాజోలులో ఉంది. దానం అన్నయ్య పోయినప్పుడు రైల్లో ఉంది. రెండుసార్లూ వెళ్లేసరికి మొహం మీద గుడ్డ కప్పేసి ఉంది. మరియమ్మ దగ్గర మాత్రం అలా జరగకూడదని, అక్కని తన ఇంటికే తెచ్చి పెట్టుకుంది. సంతకి వెళ్లినా, ప్రార్థనకి వెళ్లినా గుమ్మం దాటేముందు వెనక్కి వచ్చి ఇంకోసారి చూసి వెళ్లేది.

అలాంటి మనిషి అక్టోబరు నెలంతా రోడ్ల మీద తిరిగింది.

గోదావరి జిల్లాల్లో కరెంటు కార్లున్నవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు కట్టుకున్నారు. అందులో ఎవరికి పుట్టిందో బుద్ధి, పోటీ పెట్టేరు. నెల రోజుల్లో ఎవరు ఎక్కువ ఛార్జింగ్ స్టేషన్లు తిరిగితే వాళ్లు గెలిచినట్టు. వెళ్లిన చోటికి మళ్లీ వెళ్తే లెక్కలోకి రాదు. ఒక్కో చోట కనీసం ఐదు యూనిట్లు ఎక్కించాలి. కారుగలాయన, కారుకి తగిలించే ఛార్జింగు గన్ను పట్టుకుని నిలబడ్డ ఫోటో ఉండాలి. ఆ ఫోటో తియ్యడానికి హన్నా కావలసి వచ్చింది.

"వెళ్లవే. పొద్దస్తమానం నా మొహం చూస్తూ కూచుంటే నాకేమన్నా ఊపిరి ఎక్కువొస్తుందా?" అనేది మరియమ్మ. సాయంత్రం వాళ్లు రాగానే ఆవిడ అడిగే మొదటి మాట, "ఎన్నయ్యాయి మరిదిగారూ?" అని. పలివెల రైతు సూరిబాబు మేష్టారి కంటే ఒకటి ముందున్నాడంటే ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఈ పోటీలో ఒక చిక్కుంది. బ్యాటరీ నిండా ఉంటే తర్వాతి చోట ఐదు యూనిట్లు పట్టవు. అందుకని మేష్టారు కారు కడుపు ఎప్పుడూ మాడ్చేవారు. "నిండు కడుపుతో విందుకెళ్తామా?" అని నవ్వేవారు. ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టడం మానేసేరు. ఒకసారి యానాం దారిలో ఖాళీ సరిపోక, ఇద్దరూ అద్దాలు దించి ఏసీ పూర్తిగా పెట్టి అరగంట కూర్చున్నారు. ఆ ఉపాయం చెప్పింది హన్నాయే. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆవిడ అంతగా నవ్విన రోజు లేదు.

నెలాఖరు రోజు పొద్దున్నే ఆకాశం సీసంలా ఉంది. సాయంత్రం ఐదుకి పోటీ ఆఖరు. సూరిబాబు నలభై మూడు, మేష్టారు నలభై రెండు. జొన్నాడలో ఒకటి, కొత్తపేటలో ఒకటి మిగిలేయి. మరియమ్మ దగ్గర పనిమనిషి చిన్నమ్మలుని ఉంచి, కరెంటు పోతే పెట్టే ఆక్సిజన్ సిలిండరు ఎలా తిప్పాలో మళ్లీ ఒకసారి చూపించి మధ్యాహ్నం బయల్దేరేరు.

కొత్తపేటని తిరుగు దారికి వదిలి, జొన్నాడ చేరేసరికి రెండు దాటింది. బ్యాటరీ పదిహేడు శాతం. గన్ను పెట్టేరు, హన్నా ఫోటో తీసింది. ఐదు యూనిట్లు ఎక్కేసరికి ముప్పై మూడయింది. అప్పుడే చిన్నమ్మలు ఫోను.

"అమ్మగారండీ, కరెంటు పోయిందండి. సిలిండరు పెట్టేనండి. పెద్దమ్మగారు బానే ఉన్నారు."

"గాలెలా ఉంది?"

"వీస్తందండి."

సిలిండరు రెండు గంటలు వస్తుంది. హన్నా మేష్టారి మొహం చూసింది. ఆయన గడియారం చూసుకున్నారు.

"ఇంకో అరగంట ఇక్కడే ఉంచి, నిండా ఎక్కించి తిన్నగా పోదామా? లేకపోతే కొత్తపేట దారిలోదే గదా, అక్కడ ఎక్కించుకుందామా? నువ్వే చెప్పు."

ఆయన నిర్ణయం తన మీద పెట్టేరు. కరెంటు రోజూ పోతుంది, రోజూ వస్తుంది. అక్క రాత్రి అన్న మాట గుర్తొచ్చింది: "రేపు ఆ సూరిబాబుని ఓడించకుండా వచ్చేరంటే నేను మాట్లాడను."

"ఆయ్, పదండి, కొత్తపేటలోనే పెట్టుకుందాం" అంది హన్నా.

గోదావరి వంతెన మీద గాలికి కారు పక్కకి ఊగింది. రావులపాలెం దాటేక వాన దిగింది. కొత్తపేట స్టేషనులో ఒకే గన్ను ఉంది, అది సూరిబాబు కారుకి పెట్టి ఉంది. ఆయన రేకు కింద వేరుశెనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నాడు.

"రండి మేష్టారూ, రండి! పిల్లలు లేటొస్తే బెంచీ ఎక్కించేవారు. ఇవాళ మిమ్మల్నెక్కించేదెవరు?"

"ఎంతసేపయ్యా?"

"తొందరేముంది? ఇది నాకు నలభై నాలుగోదండి. ఇంకో రెండు యూనిట్లయితే..."

హన్నా కారు దిగి వానలోనే నిలబడింది. "సూరిబాబు గారూ, ఇంటి దగ్గర మా అక్క సిలిండరు మీద ఉందండి. కరెంటు లేదు. కారులో ఛార్జింగు లేకపోతే మిషను ఆడదు."

సూరిబాబు చేతిలో గింజలు కింద పడ్డాయి. లేచి వెళ్లి తన గన్ను పీకేసి మేష్టారి కారుకి తనే తగిలించేడు. "ఫోటో, పోటీ తర్వాతండి. ఎక్కనివ్వండి."

ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. అందరూ ఆ అంకె కేసే చూస్తూ నిలబడ్డారు. ఇరవై తొమ్మిది అయింది, ఛార్జింగు డబ్బా మీద దీపం ఆరిపోయింది. ఎదురుగా మందుల కొట్లో దీపాలూ ఆరిపోయేయి.

అయిదు నిమిషాలు చూసేరు. రాలేదు.

"మీ కారుంది గదా బాబూ" అంది హన్నా.

"నా దాంట్లోంచి వైరు రాదండీ, పాత రకం" అన్నాడు సూరిబాబు. "మీరు పోనివ్వండి. ఎక్కడో అక్కడ సిలిండరు పట్టుకుని మీ వెనకే వస్తాను. ఊరు చెప్పండి చాలు."

మేష్టారు ఏసీ ఆపేసేరు, పాటలు ఆపేసేరు, వేగం ముప్పై దాటకుండా తోలేరు. వానలో దీపాలు ఆపడానికి లేదు. హన్నా అద్దం కేసి చూడలేదు, రోడ్డు కేసి చూడలేదు, అంకె కేసే చూసింది. అంబాజీపేటకి ముందు ఇరవై మూడు. ఇంకా నాలుగు మైళ్లు. ఇరవై ఒకటితో చేరతాం, చేరతాం అని లోపలే అనుకుంటూ ఉంది. అప్పుడు రోడ్డుకి అడ్డంగా పడ్డ చింతచెట్టు కనిపించింది. చెట్టుకి అవతల ఆంబులెన్సు దీపం తిరుగుతూ ఉంది. అది చిన్నమ్మలు పిలిచినదే. దానికీ ముందో చెట్టు, వెనకో చెట్టు, దారి లేదు.

మేష్టారు కారు వెనక్కి తిప్పి కాలువ గట్టు మీదకి ఎక్కించేరు. బురదలో చక్రాలు గిర్రున తిరిగేయి. ఇరవై. చక్రాలు మళ్లీ తిరిగేయి. పంతొమ్మిది.

"ఏమండీ," అంది హన్నా.

"చూసేను" అన్నారాయన.

ఇంటి ముందు ఆగేసరికి పద్దెనిమిది.

మరియమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. సిలిండరు ముల్లు సున్నా మీద ఉంది. చిన్నమ్మలు విసనకర్రతో విసురుతూ ఏడుస్తోంది. హన్నా అక్క వెనక్కి ఎక్కి కూర్చుని ఆవిడ వీపుని తన గుండెకి ఆనించుకుంది. బయట మేష్టారు కారుకి వైరు తగిలిస్తున్నారు. మిషను ఒక్కసారి కీచుమంది, ఆగిపోయింది. మళ్లీ తీసేరు, తుడిచేరు, పెట్టేరు. ఈసారి కీచు కూడా లేదు.

మరియమ్మ చెయ్యెత్తి చెల్లెలి చెంప తడిమింది. తడిగా ఉంది, వాన నీళ్లో ఏమో.

"గెలిచేరా... మరిదిగారు?"

ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఖర్చవుతోంది. మాట్లాడకే అని అనబోయింది హన్నా. అనలేదు.

"గెలిచేరక్కా. సూరిబాబు గారే గన్ను పీకి ఇచ్చేసేరు."

మరియమ్మ నవ్వింది. లేక నవ్వినట్టు నోరు తెరిచింది. కాసేపు ఆవిడ వీపు హన్నా గుండె మీద పైకీ కిందకీ కదిలింది. ఆ తర్వాత హన్నా ఊపిరి తీసినప్పుడు మాత్రమే కదిలింది. ఇది తెలియడానికి హన్నాకి చాలా సేపు పట్టింది. తన ఊపిరి బిగబట్టి చూసింది. అప్పుడు తెలిసింది.

ఈసారి మొహం మీద గుడ్డ లేదు. ఆవిడే కొంగుతో అక్క పెదాలు తుడిచి, దిండు సర్ది, మెల్లిగా పడుకోబెట్టింది.

"అయ్యగారికి చెప్పమంటారా అండీ?" అంది చిన్నమ్మలు.

"వద్దు."

హన్నా గుమ్మం దగ్గరకి వచ్చింది. మేష్టారు వానలో కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చొక్కా కొసతో ప్లగ్గు తుడుస్తున్నారు. తుడిచి పెడుతున్నారు, తీసి తుడుస్తున్నారు. జొన్నాడలో అరగంట ఉందామా అని అడిగిన మనిషి ఆయనే. వద్దన్నది తను.

అప్పుడు సందు మొదట్లో దీపాలు కనిపించేయి. సూరిబాబు కారు మట్టలు తొక్కుకుంటూ వచ్చి ఆగింది.

"దొరికిందండీ!" అని అరిచేడు సూరిబాబు. "అమ్మగారూ, దొరికింది, పెద్దదే!"

వెనక సీటులోంచి సిలిండరు లాగేడు. మేష్టారు ప్లగ్గు వదిలేసి పరిగెత్తి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరు ముసలివాళ్లూ బురదలో జారుతూ, "జాగ్రత్తండీ, మెట్టు, మెట్టు" అని ఒకరికొకరు చెప్పుకుంటూ అరుగెక్కేరు.

"జరుగు హన్నా, జరుగు" అన్నారు మేష్టారు రొప్పుతూ.

ఆవిడ గుమ్మానికి రెండు చేతులూ ఆనించి నిలబడే ఉంది. పక్కకి జరగలేదు.