సబ్బుల షావుకారి బడిగంట

బడి తెరిచే ముందు నెలంతా ఆ కుట్టుపనావిడకి మిషను మీంచి లేవడానికి తీరేది కాదు. సబ్బుల ఫ్యాక్టరీ షావుకారు పేదపిల్లల కోసం కట్టించిన బడికి ఏటా నలభై జతల బట్టలు ఆవిడే కుట్టాలి. అందులో ఒక జత మాత్రం తన కూతురి కొలతకి కుట్టేది. పెరిగే పిల్ల కదా అని అంచు కాస్త ఎక్కువే మడిచేది.

ఆ బడిలో సీటు ఎవరికో షావుకారు చెప్పడు, గంట చెబుతుంది. తెరిచే రోజు పొద్దున్నే మోగుతుంది, సీటున్న నలభైమందికే వినబడుతుంది. విన్నవాళ్ళు పలక పట్టుకుని పరిగెడతారు. మిగతావాళ్ళు వచ్చే ఏడు చూద్దామనుకుంటారు. కూతురికి రెండేళ్ళుగా వినబడలేదు. ఈ ఏడు దాటితే ఇక వయసు మించినట్టేనని తల్లి బెంగ.

ఆ పొద్దున పిల్ల రెండు జడలు వేయించుకుని, చెవులు రిక్కించి గుమ్మంలో కూర్చుంది. లోపల మిషను గడగడలాడుతోంది. ఉన్నట్టుండి తల్లి కాలు ఆగిపోయింది.

"ఏంటమ్మా, ఆపేశావు?" అంది పిల్ల, వీధి మీంచి చూపు తిప్పకుండానే.

ఆవిడ మిషను వదిలేసి గుమ్మంలోకొచ్చింది. "గంట మోగిందే! పద, పద!" అంటూ పిల్లని రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

గేటు దగ్గర షావుకారే నిలబడి ఉన్నాడు. "ఎన్నిసార్లు మోగింది తల్లీ?" అని పిల్లని అడిగాడు. పిల్ల తలొంచుకుంది.

"పదకొండు," అంది తల్లి గబుక్కున.

"అయితే విన్నది నువ్వన్నమాట."

"ఈ వయసులో నాకెందుకు బాబూ చదువు? నా సీటు దీనికిచ్చెయ్యండి. మీ బడే కదా!"

"ఇవ్వడానికి నాకేం? మా తోటమాలి మనవరాలిని అలాగే కూర్చోబెట్టి చూశాను. గంట వినబడనివాళ్ళకి ఈ పుస్తకాల్లో తెల్లకాగితం తప్ప ఏమీ కనబడదమ్మా. కట్టించిన నాకూ అంతే."

తల్లి వెనక్కి తిరగబోయింది. పిల్ల చెయ్యి విడిపించుకుంది.

"నువ్వెళ్ళు. లేకపోతే ఇద్దరికీ లేకుండా పోతుంది."

అలా ముప్పై ఆరేళ్ళ మనిషి చివరి బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇంట్లో మిషను పిల్ల చేతికొచ్చింది. సాయంత్రాలు తల్లి వాచకం తెచ్చి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. పిల్ల ఆవిడ భుజానికి ఆనుకుని ఆ తెల్లకాగితాల్లోకే కళ్ళప్పగించి చూసేది.

"ఇక్కడ బొమ్మేమైనా ఉందా అమ్మా?"

"ఉంది. పడవ."

"ఎక్కడా? ఇక్కడేనా?"

తల్లి పిల్ల వేలు పట్టుకుని, పడవ చుట్టూ మెల్లగా తిప్పింది.