రెండు నిమిషాల జవాబు

రాజేశానికి అదే ఆఖరి అవకాశం. ఇంకో ఏడాది గడిస్తే వయసు దాటిపోతుంది, సివిల్స్ మాట మళ్లీ ఎత్తే పని లేదు. ఆరేళ్లు అశోక్‌నగర్ కిరాయి గదిలో, ముగ్గురి మధ్య చాప పరుచుకుని చదివాడు. ఇంటర్వ్యూ దాకా రావడం ఇదే మొదలు.

2013 మార్చి. చిక్కడపల్లిలో ఒక మేడ మీద సూర్యనారాయణమూర్తి నమూనా ఇంటర్వ్యూలు చేసేవాడు. కరెంటు శాఖలో ఇంజనీరుగా రిటైరైన కోస్తా మనిషి. డబ్బు తీసుకోడు, జాలీ చూపడు. ఏ ప్రశ్నకైనా జవాబు రెండు నిమిషాలు మించకూడదు. మొదట ఒక పక్క, తర్వాత రెండో పక్క, చివర నడిమి దారి. బల్ల మీద స్టాప్‌వాచీ.

కరెంటు కోత మొదలై ఫ్యాను ఆగింది. మూర్తి ఆగలేదు. ఇరాన్ చమురు కొనాలా, అమెరికా మాట వినాలా అని అడిగాడు. రూపాయలు తీసుకుని నూనె ఇచ్చేవాణ్ణి వదులుకోవద్దు, బలవంతుడితో వైరమూ పెట్టుకోవద్దు, మెల్లగా తగ్గించుకుంటూ పదిచోట్ల కొనాలి అన్నాడు రాజేశం. అణువిద్యుత్తు, ఎండ, గాలి, అన్నీ తక్కెడలో పెట్టినట్టు చెప్పుకొచ్చాడు. మూర్తి తలూపి, దరఖాస్తులో స్వగ్రామం అన్నచోట వేలు పెట్టాడు.

అక్కడ తక్కెడ ఒరిగింది. రాజేశం ఊరు గోదావరిఖని పక్కన. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పోయింది. తండ్రి ఈదయ్యను పాతిపెట్టిన చోట ఇప్పుడు తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినా అందనంత గుంత. ఆ బొగ్గుతో ఊళ్లన్నీ వెలుగుతాయి. ఊరు పోయినవాళ్ల కాలనీలో మాత్రం పగలంతా కరెంటుండదు. ఇదంతా చెబుతూ అతను కళ్లు తుడుచుకున్నాడు.

మూర్తి వాచీ ఆపాడు. "ఇది జవాబు కాదయ్యా, శోకం. బోర్డు ముందు ఏడ్చినవాడికి ఉద్యోగమిచ్చినట్టు నేనెక్కడా వినలేదు. రేపు కలెక్టరువైతే ఇంకొకళ్ల ఊరు నువ్వే ఖాళీ చేయించాలి."

"మరి ఏమనాలె సార్?"

మూర్తి చెప్పాడు, రాజేశం రాసుకున్నాడు. దేశ ఇంధన భద్రతకు బొగ్గు తప్పదు. అయితే నిర్వాసితుల బతుకూ అంతే ముఖ్యం. కాబట్టి మానవీయమైన పునరావాసంతో కూడిన సుస్థిర అభివృద్ధే మార్గం.

నారాయణగూడ దాకా నడుస్తూ, తిరిగొస్తూ, తడుముకోకుండా వచ్చేదాకా వల్లించాడు. గదిలో తనతో పాటు ఉండే ప్రహ్లాద్ విని నవ్వాడు. "మీ ఊరిని వాళ్లు తవ్విండ్రు గని, నువ్వు మస్తుగ పూడ్చినవన్నా."

ఆ ముక్కలు, ప్రాజెక్టుల కింద పోయే ఊళ్ల వాళ్లందరికీ మూర్తి చెప్పినవే. అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో అప్పటికే అమ్ముడుపోతున్నాయి. రాజేశానికి అది తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

ఢిల్లీలో బోర్డు ముందు అతను తెలుగులో మాట్లాడతాడు, పక్కన కూర్చున్న అనువాదకుడు ఇంగ్లీషులో చెబుతాడు. అరగంట బాగానే నడిచింది. చివర్లో తల నెరిసిన ఒకావిడ, మీ ఊరు ఎలా ఉండేది అని అడిగింది. అంతే అడిగింది.

రాజేశం నోటినిండా ఊరుంది. రెండు వందల పన్నెండు గడపలు, ఏ గడప ఎవరిదో చెప్పగలడు. కానీ నాలుక అలవాటైన దారి పట్టింది. దేశ ఇంధన భద్రతకు అని ఎత్తుకున్నాడు. అతను 'అయితే' దగ్గరికి రాకముందే అనువాదకుడు ఇంగ్లీషులో చివరిదాకా చెప్పేశాడు. ఆ వారంలో ఆ జవాబు వినడం అనువాదకుడికి నాలుగోసారి.

ఆవిడ అనువాదకుణ్ణి చూసింది, తర్వాత రాజేశాన్ని చూసింది. అది కాదు, మీ ఊరు అంది. రాజేశం తడుముకున్నాడు. దొరికింది ఒక్కటే ముక్క. మానవీయమైన పునరావాసం అన్నాడు. ఆవిడ కాగితం తిప్పేసింది.

మేలో ఫలితాలొచ్చాయి. రాజేశం పేరు లేదు. తర్వాత వచ్చిన మార్కులు చూస్తే రాతపరీక్షలో నిలబడ్డాడు, ఇంటర్వ్యూలో పడ్డాడు. మూర్తి ఆ మార్కుల కాగితం చూసి, నీ గొంతులో నమ్మకం లేదని చెప్పి, మెట్ల మీద నిలబడ్డ తర్వాతివాణ్ణి పిలిచాడు.

కాలనీలో ఉన్న తల్లి మాసమ్మకు ఫోన్ చేశాడు. ఉద్యోగం రాలేదని ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారు. ఏడవలేదు.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"మనూరి గురించి అడిగిండ్రే అవ్వా."

ఆమె పక్కింటామెను కేకేసి, ఢిల్లీల మనూరి ముచ్చట అడిగిండ్రట అని చెప్పడం వినిపించింది. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

"అన్నీ చెప్పినవా? రాసుకున్నరా?"

"రాసుకున్నరు."

"మరి సూడనీకి ఎప్పుడొస్తరట?"

"వానలు పోయినంక," అన్నాడు రాజేశం.

మాసమ్మ నమ్మింది.