లిఫ్టుకి జోలపాట

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేపాల్సింది ఫ్రిజ్జుని. పిల్లల గది గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి రాత్రి జోలపాట దానికీ వినపడుతుంది, అదీ పడుకుంటుంది. పాలు విరిగేలోగా అమ్మ వచ్చి దాని వీపు మీద తట్టి, "లేవమ్మా, తెల్లారింది" అనాలి. అది గుర్రుమని పనిలో పడుతుంది. ఆ తర్వాత పెద్దపాప, ఆ తర్వాత చిన్నోడు, చిట్టచివర వాళ్ళ నాన్న.

ఆవిడ పాడితే ఏదైనా నిద్రపోతుంది. పెద్దపాప పుట్టినప్పుడు మొదలైంది ఇది. పక్కవాటా ఆవిడ పళ్ళొస్తున్న మనవణ్ణి ఎత్తుకొచ్చేది. కింద ఫ్లాటాయన ఊరికే కూతపెట్టే తన కారుని చూపించి "కాస్త దీనికీ పాడిపెట్టమ్మా" అని బతిమాలేవాడు. ఆ మెట్ల మీద ప్రతి ఇంట్లోనూ గుమ్మం పక్కన చెవుల్లో పెట్టుకోడానికి దూది ఉంటుంది, చెప్పుల స్టాండు ఉన్నట్టే. ఉన్న చిక్కల్లా ఒక్కటే. ఆవిడ పడుకోబెట్టినదాన్ని మళ్ళీ ఆవిడే లేపాలి. ఇంకెవరు కుదిపినా, నీళ్ళు చల్లినా లాభం లేదు.

జోలపాటలకి ముందు ఆవిడ లిఫ్టు ఇంజనీరు. లిఫ్టు ఎక్కడ వేగం తగ్గించాలో, ఎక్కడ ఎంత మెత్తగా ఆగాలో, తలుపు ఎప్పుడు తెరవాలో చెప్పే బుర్ర ఒకటి ఉంటుంది కదా, ఆ బుర్ర రాయడం ఆవిడ పని. ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త లిఫ్టు బుర్ర ఎవరు రాస్తే వాళ్ళే, అంచుదాకా నింపిన నీళ్ళ గ్లాసు పట్టుకుని, పరీక్ష టవర్లో కింది నుంచి పైదాకా ఒంటరిగా వెళ్ళాలి. చుక్క ఒలకకపోతే లిఫ్టు పాసైనట్టు. ఆ రకం లిఫ్టులన్నిటి లోపలా బిగించే ఇత్తడి రేకు మీద వాళ్ళ పేరు చెక్కుతారు.

అంతా కుదిరిన రోజున, గ్లాసు చేతికొచ్చాక, లిఫ్టు గుమ్మంలోనే ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి. పక్కన ట్రైనీ కుర్రాడున్నాడు. అక్కా అక్కా అంటూ వెంట తిరిగి పని నేర్చుకున్నవాడు. "ఇది పట్టుకో తమ్ముడూ, మళ్ళీ వచ్చి నేనే ఎక్కుతా" అని గ్లాసు వాడి చేతికిచ్చి ఆసుపత్రికి వెళ్ళింది. తమ్ముడు పట్టుకోమంటే పట్టుకుని ఊరుకోలేదు, ఎక్కేశాడు. చుక్క ఒలకలేదు. ఎందుకొలుకుతుంది, బుర్ర రాసింది ఆవిడాయె! రేకు మీద వాడి పేరు పడింది. ఫోన్ చేసి అడిగితే, "అయ్యో అక్కా, ఎవరో ఒకరు ఎక్కాలిగా" అన్నాడు.

తర్వాత చిన్నోడు పుట్టాడు. టీకాలు, జ్వరాలు, బళ్ళు. ఊళ్ళో ఎక్కడ లిఫ్టెక్కినా వాడి పేరే. ఆ పేరు చూసినప్పుడల్లా ఆవిడ పళ్ళు నూరుకునేది. పెద్దపాపకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన కొత్తలో, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తూ ఆ రేకు చదివింది.

"అమ్మా, ఈ లిఫ్టు నువ్వు చేశానన్నావుగా. ఇక్కడ ఇంకెవరి పేరో ఉందేంటి? అబద్ధం చెప్పావా?"

ఆవిడ ఆ రోజే నిశ్చయించుకుంది, వెనక్కి వెళ్ళాలని, రేకు మీద తన పేరు తన కూతురు చదవాలని. ఉద్యోగం కావాలన్నది పైకి చెప్పిన మాట. లోపలున్నది కసి, వేరే మాటెందుకు.

చిన్నోడు రోజంతా బడిలో ఉండే వయసు రాగానే ఇంటర్వ్యూకి వెళ్ళింది. బల్లకి అవతల ఆ పాత తమ్ముడే కూర్చున్నాడు, చీఫ్ ఇంజనీరై. బల్ల మీద అదే గ్లాసు, నిండా పెన్నులు.

"ఈ మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారు మేడమ్?" అన్నాడు. అక్క పోయి మేడమ్ వచ్చింది.

"పిల్లల్ని నిద్రపుచ్చాను."

"అంటే ఖాళీగానే ఉన్నారన్నమాట," అని నవ్వాడు. "లోకం చాలా ముందుకెళ్ళిపోయింది మేడమ్. మొన్న కాలేజీ నుంచొచ్చిన పిల్లలకే అందడం లేదు. సరే, పాతవాళ్ళు కదా అని ఇస్తున్నా. తలుపుల బల్ల దగ్గర కూర్చోండి."

తలుపుల బల్లంటే, ఒక లిఫ్టు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఎన్నిసార్లయ్యాయో లెక్కపెట్టే పని. ఆవిడ తల ఊపింది. బయటికొచ్చాక, ఆవిణ్ణి మొదటినుంచీ ఎరిగిన ముసలి ఫోర్‌మన్ ఎదురొచ్చాడు. అందరూ బాబాయి అంటారు ఆయన్ని.

"వచ్చావా తల్లీ! ఏమన్నాడు గ్లాసు సారు?"

"తలుపులు లెక్కపెట్టమన్నాడు బాబాయ్."

"పెట్టు. పెడుతూ ఉండు," అన్నాడాయన.

ఆ ఏడాది కంపెనీ ఒక కొత్త లిఫ్టు తెచ్చింది. చాలా వేగం, కానీ పై అంతస్తుల్లో ఆగేటప్పుడు గుండె జారేంత కుదుపు. చీఫ్ చెయ్యని ప్రయత్నం లేదు. చివరికి దారినపోతూ అన్నట్టు, "ఖాళీగా ఉంటే మీరూ ఓసారి చూడండి మేడమ్" అన్నాడు. ఆవిడ భోజనం మానుకుని కొంత, చిన్నోడి హోంవర్కు పక్కన కూర్చుని కొంత, బుర్ర మొత్తం తిరగరాసింది. కుదుపు పోయింది. చీఫ్ చూసి "బాగుంది, మన టీమ్ పని" అన్నాడు. సాయంత్రానికి నోటీసుబోర్డు మీద కాగితం అంటించారు. రేపు తొలి ప్రయాణం, చీఫ్ గారు ఎక్కుతారని.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. "మళ్ళీ ఆ గ్లాసు వాడే పట్టుకుంటున్నాడు."

"పోనీలే, ఉద్యోగమైతే దొరికిందిగా," అన్నాడాయన, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"ఇంకోసారి పోనీలే అన్నారంటే మీ ఇస్త్రీపెట్టెకి జోల పాడతాను. నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్దురుగాని."

ఆయన ఇస్త్రీపెట్టెని తన దగ్గరికి లాక్కున్నాడు. పెద్దపాప మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఈసారైనా నీ పేరుంటుందా అమ్మా?" అంది.

పరీక్ష టవర్లో మోటార్ల హోరుకి చెవులు దెబ్బతింటాయి. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ చెవిమూతలు పెట్టుకోవాలని గుమ్మం మీద ఎర్రక్షరాలతో రాసుంటుంది. అందరూ మెడకి వేసుకుని, మోటారు తిరిగేటప్పుడు పైకి లాక్కుంటారు. చీఫ్ మాత్రం ఎన్నడూ పెట్టుకోడు. జుట్టు అణిగిపోతుందట.

మర్నాడు అందరూ చేరారు. చీఫ్ పెన్నులు తీసి గ్లాసు కడిగించాడు, అంచుదాకా నీళ్ళు పోయించుకున్నాడు, లిఫ్టులో నిలబడ్డాడు. ఎదురుగా ఆవిడ కనపడేసరికి వేళాకోళం పుట్టుకొచ్చింది.

"ఏం మేడమ్, అలా చూస్తున్నారు? ఇన్నేళ్ళూ ఇంట్లో నేర్చుకున్నది మాకూ చూపించండి. ఓ జోలపాట పాడండి, లిఫ్టు ఏడవకుండా ఎక్కుతుంది!"

ఆవిడ పాట సంగతి వాడికి తెలియక కాదు, కంపెనీలో అందరికీ తెలుసు. పిల్లల పాట పిల్లల మీదే పనిచేస్తుందనుకున్నాడు. ఇళ్ళలో జరిగేవేవీ తన దాకా రావనుకునే రకం. ఫోర్‌మన్ బాబాయి ముందుగా చెవిమూతలు పైకి లాక్కున్నాడు. ఆయన్ని చూసి అందరూ లాక్కున్నారు.

"చెవులు మూసుకోండి సార్. రూలు కదా," అంది ఆవిడ, ఎంతో మర్యాదగా.

"నాకు రూలేంటి మేడమ్? పాడండి, పాడండి."

ఆవిడ పాడింది. పళ్ళు నూరుకున్న లిఫ్టులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, కూతురు అబద్ధమాడావా అన్న రోజు గుర్తొచ్చింది, పాట అంతకంతకూ మెత్తబడింది. అంత ప్రేమగా తన పిల్లలకి కూడా ఎప్పుడూ పాడలేదు. మోటారు నిద్రపోయింది. దీపాలు నిద్రపోయాయి. చీఫ్ ఒక ఆవులింత తీసి, లిఫ్టు గోడకి జారగిలబడి, మెల్లగా కింద కూర్చుండిపోయాడు. గ్లాసు ఒరిగేలోపు ఆవిడ లోపలికెళ్ళి వాడి వేళ్ళ మధ్య నుంచి అందుకుంది. చుక్క ఒలకలేదు.

తర్వాత లిఫ్టు తలుపు మీద తట్టి, "లేవమ్మా, తెల్లారింది" అంది. మోటారు లేచింది, దీపాలు లేచాయి. చీఫ్‌ని తట్టలేదు.

"సారుని బయట పడుకోబెట్టండి బాబాయ్. కాళ్ళు జాగ్రత్త, తలుపుకి అడ్డం."

వాణ్ణి ఇవతలికి లాగేశాక తలుపు మూసుకుంది. ఆవిడ పైదాకా వెళ్ళింది. పై అంతస్తులో లిఫ్టు ఆగినట్టే తెలియలేదు. అక్కడ, ఎవరూ చూడని చోట, ఆ నీళ్ళు గటగటా తాగేసింది. ఇన్నేళ్ళ దాహం మరి.

చీఫ్‌ని ఇంటికి చేర్చారు. నాలుగు రోజులయ్యాక వాళ్ళావిడ ఆఫీసుకి వచ్చింది.

"మా ఆయన్ని ఎప్పుడు లేపుతారండీ?"

"ఇప్పుడు కొంచెం పనిలో ఉన్నానమ్మా. చూద్దాం."

వాళ్ళావిడ బల్ల మీదున్న గ్లాసు వంక చూసి, "నేనూ పిల్లల కోసం ఉద్యోగం మానేసినదాన్నే" అంది. "మొన్నటి నుంచీ ఇంట్లో నన్నెవరూ ఏమీ అనడం లేదు. నేనూ మళ్ళీ అప్లై చేద్దామనుకుంటున్నా. మీరు తీరిగ్గానే రండి, తొందరేం లేదు."

చీఫ్ కుర్చీలో ఆవిణ్ణి కూర్చోమన్నారు. మొదట్లో తాత్కాలికమన్నారు, తర్వాత ఆ మాటే మర్చిపోయారు. కొత్త లిఫ్టులు ఊరంతా వచ్చాయి. పెద్దపాప ప్రతి లిఫ్టులోనూ రేకు పైకి చదివేది, పక్కవాళ్ళకి వినపడేలా.

ఏళ్ళు గడిచాయి. పెద్దపాప కాలేజీలో చేరింది, చిన్నోడికి గొంతు మారింది, ఫ్రిజ్జుకి తప్ప ఇంట్లో ఎవరికీ జోల అక్కర్లేకపోయింది. తను ఇంట్లో ఎన్నేళ్ళుందో అన్నేళ్ళూ అయ్యాయని తోచిన రోజున, ఆఫీసుకి వెళ్తూ దారిలో పాత చీఫ్ ఇంటి దగ్గర ఆగి, వాడి వీపు మీద తట్టింది. "లేవమ్మా, తెల్లారింది."

వారం తిరక్కుండానే వాడు ఆవిడ బల్లకి ఇవతల కూర్చున్నాడు. జుట్టు సగం నెరిసింది. పెన్నుల గ్లాసు వంక చూడలేక చూశాడు.

"ఈ మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారు?" అంది ఆవిడ.

"అక్కా, నీకు తెలియనిదేముంది..."

"మేడమ్ అనండి."

"నిద్రపోయాను మేడమ్."

"అంటే ఖాళీగానే ఉన్నారన్నమాట." నవ్వింది ఆవిడ. ఆ నవ్వు ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నది, తీరిగ్గా నవ్వింది. "లోకం చాలా ముందుకెళ్ళిపోయింది. సరే, పాతవాళ్ళు కదా. తలుపుల బల్ల ఖాళీగా ఉంది."

వాడు లిఫ్టులో కిందికి దిగాడు, రేకు మీద ఆవిడ పేరు చదువుకుంటూ. గుమ్మం దగ్గర ఫోర్‌మన్ బాబాయి చెవిమూతలు అందించాడు. వాడు రెండు చేతులా అందుకుని, జుట్టు అణిగిపోయేలా గట్టిగా నొక్కి పెట్టుకుని, తలుపుల ముందు కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.