పట్టాల మీద చెంప

మా అల్లుడు బాబూరావు బొమ్మరైలు తెచ్చిన రోజు నేను పాల్వంచలో వాళ్ల క్వార్టర్‌లోనే ఉన్నాను. కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగి వస్తూ, రిటైరై వెళ్లిపోతున్న ఒక పెద్దసారు దగ్గర తీసుకున్నాడట. ముందు గదిలో బండల మీద పట్టాలు గుండ్రంగా కలిపాడు. ఇంజను పెట్టి వెనక మూడు పెట్టెలు తగిలించాడు. ప్లగ్గు పెట్టి మీట తిప్పితే రైలు కదిలింది. నా మనుమరాలు లిఖిత చప్పట్లు కొట్టింది. నేను లేచి గడప బయటికి వచ్చి నిలబడ్డాను.

నాకు రైలు కనిపించలేదు. తొడుగు లేని రెండు తీగలు కరెంటుతో నేల మీద పడి ఉన్నాయి, అవే కనిపించాయి.

మా తండా ఏన్కూరు దాటినాక అడవి అంచున ఉంటుంది. పందులు మొక్కజొన్నలో పడకుండా కొందరు చేను చుట్టూ ఉత్త తీగ కట్టి, పై లైను నుంచి కరెంటు తగిలిస్తారు. నా తమ్ముడు లాలు అట్లాంటి తీగ మీదే పోయాడు. తెల్లారి చూస్తే గట్టు మీద చెంప ఆనించి, నిద్రపోయినట్టు పడి ఉన్నాడు. పక్క చేను బొజ్జయ్య ఉరికి చెయ్యి పట్టి లేపబోయాడు. బొజ్జయ్య కూడా మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి మా దగ్గర పిల్లలకు సైతం ఒకటి నేర్పుతారు. తీగ మీద మనిషి కనిపిస్తే చేత్తో ముట్టొద్దు. పేరు పిలుస్తూ నిలబడొద్దు. ఎండిన కర్ర తీసుకుని కొట్టు. ఎముక విరిగినా సరే, తీగ నుంచి విడిపోయేలా కొట్టు.

ఈ సంగతి బాబూరావుకూ తెలుసు. కానీ అతను ప్లాంటు కాలనీలో పెరిగినవాడు. పెట్టెల లోపల లైట్లు పెట్టాలని అతనికి పట్టుకుంది. చీకట్లో రైలు పోతుంటే కిటికీలు వెలగాలట. అతని వేళ్లు మొద్దువి, సన్నపని రాదు. నేను ఒకప్పుడు జాతరలకూ పెళ్లిపందిళ్లకూ సీరియల్ బల్బులు కట్టినవాణ్ణి, ఆ పని నన్ను చేయమన్నాడు.

“పందిళ్లన్ని వెలిగించినోడివి, బొమ్మరైలుకు భయపడుతవా మామా? పన్నెండు ఓల్టులే. నాలుక పెట్టినా ఏం గాదు.”

“పెట్టు నీ నాలుక,” అన్నాను.

నాలుక పెట్టలేదు గానీ, నవ్వుతూ అరచెయ్యి పట్టాల మీద ఆనించాడు. ఏం కాలేదు. అయినా నేను ముఖం తిప్పుకున్నాను.

లిఖిత అడిగితే చివరికి ఒప్పుకున్నాను. రెండు షరతులు పెట్టాను. నేను పని చేస్తున్నంతసేపు ప్లగ్గు గోడకు ఉండకూడదు. కరెంటు ఇచ్చే ముందు ఇచ్చేవాళ్లు “కరెంటు” అని గట్టిగా చెప్పాలి, అందరూ చేతులు ఎత్తాలి. ఆ పిల్లకు ఇది మంచి ఆటయింది. పాలు తాగే ముందు కూడా “కరెంటు” అని అరిచేది, నేను చేతులు ఎత్తేదాకా తాగేది కాదు.

పని మాత్రం నాకు నచ్చింది. గోటితో మెల్లగా నొక్కితే పెట్టె కప్పు ఊడి వస్తుంది. కప్పు లోపల సన్నటి లైట్ల పట్టీ అంటించాలి. చక్రాలకు ఇత్తడి రేకులు రాసుకునేట్టు వంచి పెట్టాలి, పట్టాల కరెంటు వాటిగుండా పైకి ఎక్కుతుంది. అక్కడి నుంచి వెంట్రుకంత తీగలు తీసి టంకం వేయాలి. రైలు ముందుకు పోయినా వెనక్కి పోయినా లైటు వెలగాలంటే నడుమ నాలుగు డయోడ్లు పడాలి. చక్రం ఎగిరినప్పుడు లైటు మిణుకుమిణుకుమనకుండా ఒక చిన్న కెపాసిటర్. లిఖిత నా మోకాలికి ఆనుకుని కూర్చుని, సీట్ల మీద కాగితం మనుషుల్ని అంటించేది. ఒక కాగితం ముసలాయనకు మీసాలు గీసి అది నేనేనంది.

రెండు పెట్టెలు అయ్యాయి. ఆరోజు ముసురు. మధ్యాహ్నమే గది మసకగా ఉంది. నా బిడ్డ సరళకు తలనొప్పి, లోపల పడుకుని చప్పుడు చేయొద్దని పిల్లకు చెప్పిందట. నేను ఇంజను తీసి పక్కన పెట్టి, రెండు పెట్టెల్నీ పట్టాల మీద నిలబెట్టి, ప్లగ్గు పీకి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి పెట్టెలు వెలుగుతున్నాయి.

లిఖిత నేల మీద పడి ఉంది. చెంప పట్టాకు ఆని ఉంది. ఒక చెయ్యి రెండో పట్టా మీదుగా చాచి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కదలడం లేదు. “కరెంటు” అన్న మాట నాకు వినిపించలేదు.

పిలవలేదు నేను. పిలవకూడదు. ప్లగ్గు అవతలి గోడకు ఉంది, అక్కడికి పోవాలంటే పట్టాలు దాటాలి. తలుపు వెనక బట్టలారేసే వెదురుకర్ర ఉంది. తీసుకుని ఆ చేతి మీద కొట్టాను.

పిల్ల కెవ్వున కేక పెట్టింది. బతికుంది. ఆ కేక విని కూడా నా చేతులు ఆగలేదు, ఇంకో దెబ్బ వేశాయి. అది పెట్టెల మీద పడింది. కప్పు ఎగిరిపోయింది, కాగితం మనుషులు బండల మీద చెల్లాచెదరయ్యారు.

పిల్ల పెట్టె కిటికీల్లోంచి లోపలికి చూస్తోంది, అంతే. కాగితం మనుషుల ఎత్తుకు తన కన్ను పెట్టి చూస్తోంది. కదిలితే వాళ్లు నిద్రలేస్తారని కదలకుండా పడుకుందట. ప్లగ్గు తనే పెట్టిందట, అమ్మ చప్పుడు వద్దంది కాబట్టి కరెంటు మాట మనసులో అనుకుందట. ఇదంతా దవాఖానాలో డాక్టరమ్మ అడిగితే చెప్పింది. ఎముక విరగలేదు. మోచేయి వాచింది, కట్టు కట్టారు.

బాబూరావు పగిలిన కప్పు ముక్కలు ఏరి నా పక్కన పెట్టాడు. సరళ కర్రను విరిచి బయట పారేసింది. లిఖిత మాత్రం నా దగ్గరికి రాలేదు. నేను గదిలోకి వస్తే నా ముఖం చూడదు, చేతులు చూస్తుంది. ఖాళీగా ఉన్నాయో లేదో చూసి, తల్లి వెనక్కి పోతుంది. పట్టాలున్న గది దాటాలంటే గోడ పట్టుకుని దాటుతుంది. అంతకుముందు ఆ పిల్లకు భయమన్నది తెలియదు. నా భయం ఆమెకు అంటించాను.

సంచి సర్దుకున్నాను. ఏన్కూరు బస్సుకు పోతానని సరళకు చెప్పాను. పిల్లకు నన్ను చూసినప్పుడల్లా భయమెందుకన్నాను.

సరళ నా సంచి వైపు చూసింది. తర్వాత అంది. “పో బాపూ. నువ్వు గిట్ల పోతే నా బిడ్డ జన్మంత నిన్ను కర్రతోనే యాది పెట్టుకుంటది.”

సంచి దింపాను.

పగిలిన కప్పు అతికించాను. తెగిన తీగలు మళ్లీ వేశాను. మూడో పెట్టె కూడా పూర్తి చేశాను. మీసాల ముసలాయన బీరువా కింద దొరికాడు, అతన్ని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాను. వాన మబ్బుకు గది మసకబారినప్పుడు, ఇంజను లేకుండా పెట్టెల్ని పట్టాల మీద నిలబెట్టి, “కరెంటు” అని గట్టిగా చెప్పి ప్లగ్గు పెట్టాను. మూడు పెట్టెలూ వెలిగాయి.

లిఖిత తలుపు దగ్గర తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

“రా బిడ్డా,” అన్నాను.

“నువ్వు ముట్టుకో తాతా. నువ్వు ముట్టుకుంటే నేనొస్త.”

ఇన్ని రోజుల పనిలో కరెంటు ఉన్న పట్టాను నేను ఒక్కసారి ముట్టలేదు. కూర్చుని చెయ్యి చాచాను. అరచెయ్యి పైకి తిప్పి, చేతి వెనకవైపు ముందుగా ఆనించాను. కరెంటు పట్టినా వేళ్లు బిగుసుకోకుండా మేము అట్లాగే ముడతాం. పట్టా చల్లగా తగిలింది. చెయ్యి వెంటనే లాక్కున్నాను.

“గట్ల కాదు,” అంది పిల్ల. “నేను పండుకున్నట్టు పండుకో.”

సరళ ఆమెను వారించబోయింది. వద్దన్నట్టు తల ఊపాను.

బండ మీద బోర్లా పడుకున్నాను. పట్టా నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. లాలు చెంప, గట్టు మీది తడి మట్టి, తీగ, అన్నీ అక్కడే ఉన్నాయి. గుండె బండకు కొట్టుకోవడం నాకే వినిపించింది. ముట్టుకో అని నాకు నేను చెప్పుకున్నా తల కిందికి దిగలేదు. తలుపు వైపు చూశాను. పిల్ల నా చేతుల్ని చూడడం లేదు. నా ముఖం చూస్తోంది.

కళ్లు మూసుకుని చెంప ఆనించాను. చెయ్యి రెండో పట్టా మీదికి చాచాను.

ఏం కాలేదు. కళ్లు తెరిచాను. ఎదురుగా కిటికీ. లోపల పచ్చటి వెలుగు. మీసాల ముసలాయన నా వైపే చూస్తున్నాడు.

ఎప్పుడు వచ్చిందో తెలియదు, పెట్టెకు అవతలివైపు కిటికీలో ఒక కన్ను కనిపించింది. తనూ పడుకుంది, కట్టు ఉన్న చెయ్యి మాత్రం పట్టాలకు దూరంగా పొట్ట కింద దాచుకుంది.

“భయమయితుందా తాతా?”

“అవ్.”

కిటికీలో కన్ను ప్లగ్గు వైపు తిరిగింది.

“ప్లగ్గు తియ్యాల్నా?”

“ఉండనియ్,” అన్నాను.