సమ్హా మీద నుంచి చూస్తే

శుక్రవారం పొద్దున్నే ఈరన్న లేచి మొదట మోటరు వేస్తాడు. మిద్దె మీది ట్యాంకు నిండేదాకా తన రూము ముందర బోర్లించిన ఎర్ర బకెట్టు మీద కూర్చొని టీ తాగుతాడు. పైన గొట్టం గుడగుడమనంగానే లేచి మోటరు ఆపుతాడు. ఆ తర్వాత కారు కడుగుతాడు. అద్దాలు తుడిచే వేళకు వంటింటి వెనక తలుపు తీసుకొని గురవమ్మ వస్తుంది. అన్నం క్యారియరు, టీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, చాప, అన్నీ మెట్ల మీద పెడుతుంది.

"పోయినసారి చాప ఇసకలోనే మరిసిపోయి వచ్చినావు. ఈసారన్నా ఇంటికి తీసుకరా," అంటుంది.

"తెస్తాలే," అంటాడు ఈరన్న.

ఇంతకు మించి వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది తక్కువ. ఈరన్నది గాలివీడు పక్కన పల్లె. భార్య పోయి చానా ఏండ్లయింది. కూతురు పెండ్లి చేసుకొని తన సంసారం తాను చూసుకుంటాంది. గురవమ్మది రాయచోటి కాడ ఇంకో పల్లె. మొగుడు పోయినాడు, తర్వాత అమ్మ కూడా పోయింది. అప్పుడు ఖతర్ వచ్చింది. ఆయన ఆ ఇంటికి డ్రైవరు, ఆమె వంటమనిషి.

ఇల్లు అల్ షహానియాలో ఊరి చివర ఉంది. అది పట్నమూ కాదు, పల్లే కాదు. అయినా సెలవొస్తే దోహా జనమంతా అక్కడికే వస్తారు. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళను తిప్పేది ఈరన్న డ్యూటీ. పొద్దున ఒంటెల పందేల ట్రాకు. అక్కడ ఒంటెలు పరిగెత్తుతుంటే పక్కన రోడ్డు మీద కార్లు కూడా పరిగెత్తుతాయి. ఒంటె వీపు మీద మనిషి ఉండడు, చిన్న మిషను బొమ్మ ఉంటుంది. పిల్లోళ్ళు దాన్ని చూసి పడి పడి నవ్వుతారు. ఆ తర్వాత పొడుగు కొమ్ముల తెల్ల జింకలు. తర్వాత పాత కార్ల మ్యూజియం. ఓపికున్నోళ్ళను దుఖాన్ సముద్రం దాకా తీసుకపోతాడు. పొద్దు గూకే ముందర అందరూ అడిగేది మాత్రం ఒకటే.

"సమ్హా దగ్గరికి పోదాం."

సమ్హా ఒకప్పుడు పందేల్లో ఉరికిన ఒంటె. ఇప్పుడు ముసలిదైంది. ట్రాకు వెనక తడికెల కొట్టంలో ఉంటుంది. దాన్ని చూసుకునేది జలంధర్, జగిత్యాల దిక్కు మనిషి. సమ్హా మీద ఎక్కి, అది లేచి నిలబడితే, ఎవరిల్లు వాళ్ళకు కనపడుతుంది. ఎంత దూరమున్నా సరే. నేపాలోళ్ళు ఎక్కి వాళ్ళ కొండ మీద రేకులిల్లు చూసుకుంటారు. ఒక కేరళాయన ఎక్కినప్పుడు పనస చెట్టు మీద దొంగ కనపడితే, పైనుంచే పెండ్లానికి ఫోను చేసి పట్టిచ్చినాడు. జలంధర్ వాళ్ళమ్మ సాయవ్వ బీడీలు చుట్టేది రోజూ చూసుకుంటాడు. "ఇయాల తంబాకు తక్కువొచ్చింది, మొకం మాడ్చుకొని కూసున్నది," అంటాడు. దోహాలో అల్ ముంతజా నుంచి వచ్చిన వాళ్ళయితే పైకెక్కి, "అయ్యో, ఏసీ ఆపకుండా వచ్చినాం," అని గబగబా దిగి పోతారు.

చుట్టాలంతా ఎక్కి దిగినాక ఈరన్న కూడా ఒకసారి ఎక్కుతాడు. దిగినాక జలంధర్ అడుగుతాడు.

"ఏం కనవడ్డదే అన్నా?"

"కొట్టం, గడ్డివాము. అంతా బాగుండారు."

"మూడేండ్ల సంది నీ గడ్డివాము తరుగుతనే లేదేందే! బర్లు మేస్తలేవా?"

ఈరన్న సిగ్గుపడి తల గోక్కుంటా కారు దిక్కు పోతాడు. ఆయనకు గడ్డివాము కనపడడం మానేసి ఆ మూడేండ్లయింది. ఇప్పుడు కనపడేది వేరే. వంటింటి కిటికీ. కిటికీలో ఆవిరి. ఆవిరిలో గురవమ్మ చెయ్యి ఉప్పు డబ్బాను తట్టి తట్టి చూసేది. ఆ మాట ఎవరికని చెప్తాడు? పోతా పోతా దారిలో అంగడి కాడ కారాపి ఉప్పు ప్యాకెట్టు కొని, వంటింటి మెట్ల మీద పెడతాడు. ఇంకో వారం కొత్తిమీర. ఇంకో వారం గ్యాసు అంటించే లైటరు.

"అయిపోయిందని నీకెట్ల తెలిసె?" అని గురవమ్మ ఎన్నోసార్లు అడిగింది.

"ఊరికే తెచ్చినా."

గురవమ్మ మాత్రం ఇన్నేండ్లలో ఎప్పుడూ ఆ చుట్టుపక్కల ఏమీ చూడలేదు. చుట్టాలు తిరిగి రావాలంటే ఇంట్లో అన్నం సిద్ధంగా ఉండాలి కదా. వాళ్ళు వచ్చి చెప్పేది వినడమే.

ఈ చలికాలం ఆమె ఊరికి పోవాలని టికెట్టు తీసుకుంది. మంగళవారం ప్రయాణం. మళ్ళీ వచ్చేది లేదు. ఆమె చేతుల్లో పెరిగిన పిల్లోళ్ళు చదువులకని వేరే దేశాలు పోయినారు. ఇంట్లో పని తగ్గింది. తమ్ముని పెండ్లాం ఫోన్లో, "వరండాలో మంచమేస్తాంలే వదినా," అనింది. ఆ ఇంటి ముసలావిడను పనోళ్ళంతా పెద్ద మామా అంటారు, మామా అంటే అక్కడ అమ్మ. ఆమె, "ఉంటానంటే ఉంచుకుంటాను. నువ్వు నోరు తెరిచి అడగవు," అనింది. గురవమ్మ అడగలేదు. అడగాలంటే ఇది నా ఇల్లు అని అనిపించాలి కదా.

ఈరన్న కూడా అడగలేదు. పోవద్దు అనే మాట ఆయన గొంతు దాకా వచ్చి రోజూ వెనక్కి పోతాంది.

ఆ శుక్రవారం పెద్ద మామా కొడుకు కుటుంబం దోహా పోయింది. చుట్టాలెవరూ లేరు. పెద్ద మామా చేతికర్ర పట్టుకొని నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"గురవా, స్టవ్ ఆపు. ఈ రోజు చుట్టం నువ్వే. అన్నీ చూసి పో. యల్లా, పద!"

గురవమ్మ ఏప్రన్ విప్పి కొత్త చీర కట్టుకొని, పైన నల్ల అబాయా వేసుకొని వచ్చింది. అప్పుడే మోటరు వేసిన ఈరన్న ఆమెను చూసి లేచి నిలబడినాడు. బకెట్టు మీద టీ గ్లాసు అట్లనే ఉండిపోయింది. గబగబా కారు తలుపు తీసినాడు. చాప తెచ్చినాడు. మళ్ళీ పోయి క్యారియరు, ఫ్లాస్కు తెచ్చినాడు. ముగ్గురూ బయల్దేరినారు.

మొదట దుఖాన్ పోయినారు. పెద్ద మామా కారులోనే కునుకు తీసింది. గురవమ్మ చెప్పులిప్పి నీళ్ళ కాడికి పోయింది. అంత నీళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ దిక్కు చెరువు నిండేదే గగనం.

"ఇన్నేండ్లు నీ చేపలు తోమినాను. నిన్ను చూసేది ఇప్పుడు," అని సముద్రంతో అనింది.

ఈరన్న పక్కన వచ్చి నిలబడినాడు. నోరు తెరిచినాడు. మూసినాడు. మళ్ళీ తెరిచినాడు.

"ఏందబ్బా?" అనింది గురవమ్మ.

"అలలు బాగుండాయి."

"బాగుండాయిలే."

చాపేసుకొని అన్నం తిన్నారు. తర్వాత తెల్ల జింకలను చూసినారు. కంచె కాడ ఒక జింక గురవమ్మ అబాయా కొసను నమలబోతే, "పో, ఇది మామా ఇచ్చింది," అని గుంజుకుంది. పాత కార్ల మ్యూజియంలో ఒక ఎర్ర కారు ముందర పెద్ద మామా చానా సేపు నిలబడింది. తన పెండ్లికి అట్లాంటి కారే వచ్చిందంట, ఇసకలో దిగబడితే పెండ్లికూతురే దిగి తోసిందంట. గురవమ్మ నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. అక్కడా ఈరన్న ఆమె పక్కకు వచ్చినాడు.

"గురవమ్మా..."

"చెప్పు."

"ఈ కారుకు ఏసీ లేదు."

"పొద్దున్నుంచి చేప మాదిరి నోరు తెరుస్తాండావు, మూస్తాండావు. చెప్పేదుంటే చెప్పు, లేకుంటే ఊరకుండు," అనింది గురవమ్మ. కోపంగా కాదు. కొంచెం ఎదురు చూసి అనింది. ఈరన్న ఊరకున్నాడు.

పొద్దు దిగుతాంటే ఒంటెల కొట్టానికి చేరినారు. పెద్ద మామా కారు అద్దం దించుకొని కూర్చుంది. జలంధర్ పరిగెత్తుకొని వచ్చినాడు.

"అక్కా, ఇన్నేండ్లకు తొవ్వ దొర్కిందానే! రా, ఎక్కు."

"నేను ఎక్కను," అనింది గురవమ్మ.

"పడవే. నేను తాడు పట్టుకుంట గద."

"పడతానని కాదబ్బీ."

జలంధర్‌కు అర్థం కాలేదు. ఈరన్నకు అర్థమైంది. రెండేండ్ల కింద ఒక వాచ్‌మన్ సమ్హా మీద ఎక్కితే ఉత్త ఇసకే కనపడింది. ఎంతసేపు చూసినా ఇసకే. ఆయన దిగి ఎవరితో మాట్లాడకుండా పోయినాడు. ఆ సంగతి ఈరన్నే ఒకరోజు మెట్ల మీద కూర్చొని గురవమ్మకు చెప్పినాడు. ఎందుకు చెప్పినానా అని ఇప్పుడు అనుకున్నాడు.

గురవమ్మ ఒంటె ముఖం చూస్తా మెల్లగా అనింది. "అమ్మ ఉండింటే ఎక్కేదాన్ని. ఇప్పుడు తమ్మునిల్లు తమ్మునిదే. ఎక్కి చూస్తే ఏమీ కనపడకపోతే, మంగళవారం ఏ ముఖం పెట్టుకొని ఇమానం ఎక్కేది?"

సమ్హా నములుతున్న గడ్డి మింగి, ముందు కాళ్ళు మడిచి, వెనక కాళ్ళు మడిచి, గురవమ్మ ముందర కూర్చుంది. ఎవరూ కూర్చోమని చెప్పలేదు.

"అగో, అదే పిలుస్తున్నది," అన్నాడు జలంధర్.

కారులోంచి పెద్ద మామా చేతికర్రతో తలుపు తట్టింది. "యల్లా గురవా! నా మోకాళ్ళు బాగుంటే నేనే ఎక్కేదాన్ని."

గురవమ్మ ఈరన్న దిక్కు చూసింది. ఈరన్న చెయ్యి చాపినాడు. ఆ చెయ్యి పట్టుకొని ఎక్కింది. ఇన్నేండ్లలో ఆ చెయ్యి పట్టుకునేది అదే మొదలు.

"ముందటికి ఊగుతది, గట్టిగ పట్టుకో అక్కా!" అని జలంధర్ అరిచినాడు. సమ్హా వెనక కాళ్ళ మీద లేచింది. గురవమ్మ, "ఓ యమ్మా," అనింది. ముందు కాళ్ళ మీద లేచింది. గురవమ్మ కండ్లు గట్టిగా మూసుకుంది.

"కండ్లు తెరువు," అన్నాడు ఈరన్న.

తెరిచింది. మొదట రాయచోటి దిక్కని తూర్పుకు చూసింది. ఇసకే. ఇంక దించమన్నట్లు కిందికి చూసింది. మెల్లగా సమ్హా తనంతట తానే పక్కకు తిరిగింది, ఊరి చివర ఇండ్లుండే దిక్కుకు. గురవమ్మ మెడ ముందుకు చాపింది. చానా సేపు చూసింది. కింద ముగ్గురూ ఆమె ముఖమే చూస్తాండారు.

"ఈరన్నా!" అని ఉన్నట్టుండి అరిచింది. "మోటరు ఆపకుండా వచ్చినావా నువ్వు?"

"ఏం మోటరు?"

"ఏ మోటరక్కా, మీ ఊరి బాయి మోటరా?" అన్నాడు జలంధర్.

"ఊరిది కాదబ్బీ, మనింటిది! ట్యాంకు పొంగి గోడెంబడి కారతాంది. నీ రూము ముందరంతా మడుగు. నీ ఎర్ర బకెట్టు తేలి గేటు కాడికి పోయింది. నా మిరప చెట్లు... అయ్యో, వేర్లు కుళ్ళిపోతాయి!"

అని ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చిన మాటను తానే విన్నట్లు ఆగింది. మళ్ళీ చూసింది. ఈసారి మెల్లగా, ఒక్కొక్కటే. మెట్లు. దండెం. మూసిన కిటికీ. కిటికీలో ఉప్పు డబ్బా.

కిందికి వంగి చూసింది. ఈరన్న తల దించుకొని కాలి వేలితో ఇసకలో గీస్తాండాడు.

"ఉప్పు అయిపోయిందని నీకు ఇట్లనే తెలిసిందా?"

ఈరన్న ఇసకలో ఇంకో గీత గీసినాడు.

"కొత్తిమీర? లైటరు?"

జలంధర్ గట్టిగా నవ్వినాడు. "గడ్డివాముల్నే దొర్కుతయక్కా అన్ని! మూడేండ్ల సంది గదే గడ్డివాము!"

ఈరన్న తలెత్తినాడు. చెవులు ఎర్రగా అయినాయి. పొద్దున్నుంచి గొంతులో ఉన్నది ఇప్పుడు బయటికి వచ్చింది.

"పోవద్దు గురవమ్మా."

పైనున్న గురవమ్మ సమ్హా మెడ మీద చెయ్యి వేసి నిమిరింది.

"షునూ? ఏమైంది అక్కడ?" అని పెద్ద మామా కారులోంచి కేకేసింది.

"ఇంట్లో నీళ్ళు పొంగిపోతాండాయి మామా!"

"నీళ్ళా! ఈ డ్రైవరును ఏం చేయాలి నేను? యల్లా, యల్లా, ఇంటికి!"

సమ్హా కూర్చుంది. ఈరన్న చెయ్యి చాపినాడు, గురవమ్మ పట్టుకొని దిగింది. దిగినాక కూడా కారు దాకా వదల్లేదు. పెద్ద మామా అది చూసింది. చూసి అద్దం పైకెత్తుకుంది.

ఇంటికి వచ్చేసరికి గేటు బయట వీధంతా తడిగా ఉంది. ఎర్ర బకెట్టు గేటుకు అడ్డం పడి ఉంది. ఈరన్న దుమికి పోయి మోటరు ఆపినాడు. గురవమ్మ అబాయా తీసి దండెం మీద వేసి, చీర కుచ్చెళ్ళు నడుముకు దోపి, నీళ్ళు తోసే వైపరు అందుకుంది. మొదట మిరప చెట్ల మొదట్లో నిలిచిన నీళ్ళకు చేత్తో కాలవ తీసింది. తర్వాత మెట్ల కాడి నుంచి బయటికి తోయడం మొదలుపెట్టింది. ఈరన్న ఇంకో పక్క నుంచి చీపురుతో తోస్తాండాడు.

పెద్ద మామా మెట్ల మీద కుర్చీ వేయించుకొని కూర్చుంది.

"మంగళవారం నువ్వు పోతే, ఈ మతిలేని డ్రైవరు మళ్ళీ మోటరు మరిసిపోతే, నీళ్ళు ఎవరు తోస్తారు గురవా?"

గురవమ్మ తలెత్తలేదు. తోసేది ఆపలేదు.

"యాడికి పోతా మామా," అనింది. "ఈరన్నా, కాళ్ళు జరుపు. నా దిక్కుకే తోస్తాండావు నీళ్ళన్నీ."